బల్లార్షాలో మా కిరాయి ఇల్లు

ఆ ఇంటి కిరాయి నెలకు 1800 రూపాయలు, అడ్వాన్స్ 5000. మూడో అంతస్తు. ఒక హాలు, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండని వంటగది. 2009లో, పెళ్లయిన కొత్తలో, అందులో దిగాం. 2014లో ఖాళీ చేశాం. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఇంతకంటే పెద్ద ఇళ్లలో ఉన్నాం, లిఫ్టు ఉన్న ఇళ్లలో ఉన్నాం. కానీ మా ఇల్లు అంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మా ఆయన ఉద్యోగం మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో. మరి ఇల్లు బల్లార్షాలో ఎందుకని చుట్టాలందరూ అడిగేవాళ్లు. మొదట చంద్రపూర్‌లోనే వెతికాం. మాకు అందుబాటులో ఉన్నవి చీకటి గదులు, కాస్త వెలుతురున్నవి చేతికందని కిరాయిలు. అప్పుడు మా ఆయన ఆఫీసులో ఒకాయన, "బల్లార్షా చూడండి, పదిహేను కిలోమీటర్లే కదా, షేర్ ఆటోలు, ఎస్టీ అనే ఇక్కడి సర్కారు బస్సులు ఎప్పుడూ ఉంటాయి, పైగా మీ తెలుగువాళ్లు బోలెడంతమంది" అన్నాడట. ఆ చివరి మాట విని మా అమ్మ సగం ఒప్పుకుంది. మిగతా సగం మా నాన్న రైలు లెక్కతో కుదిరింది. మాది కాగజ్‌నగర్. అక్కడ అజ్ని ప్యాసింజర్ ఎక్కితే సిర్పూర్ టౌన్, మాకుడి, విరూర్, మానిక్‌గఢ్, తర్వాత వార్ధా నది మీద వంతెన, వంతెన దిగితే బల్లార్షా. "పొద్దున చాయ్ ఇక్కడ తాగి, బువ్వ బిడ్డ ఇంట్ల తినొచ్చు" అన్నాడు నాన్న. పరాయి రాష్ట్రానికి పంపుతున్నామన్న దిగులు అంతటితో తగ్గింది వాళ్లకు. నిజానికి సిర్పూర్ టౌన్ దాటాక రాష్ట్రం ఎక్కడ మారిందో కిటికీలోంచి చూస్తే తెలియదు. ఇవతలా అవే పత్తి చేలు, అవతలా అవే పత్తి చేలు.

ఇంటివాళ్లు కింది అంతస్తులో ఉండేవాళ్లు. ఆయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి, సొంతూరు మంథని దిక్కు. 1973లో బొగ్గు గనులు జాతీయం అయిన కొద్ది రోజులకు ఇటు వచ్చి పనిలో చేరి, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. ఆయన్ని పెద్దబాపు అనీ, ఆమెను పెద్దమ్మ అనీ పిలవడం మొదటి రోజు నుంచే అలవాటైపోయింది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పెద్దమ్మ అడిగిన ప్రశ్నలు నాకు ఇంకా గుర్తే.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"కాగజ్‌నగర్ పెద్దమ్మా."

"మిల్లోళ్లా?"

"ఔ, మా నాన్న పేపర్ మిల్లులోనే."

"అట్లయితే మంచిదే. వాసనకు పరేషాన్ కారు."

బల్లార్షాలో కూడా పేపర్ మిల్లు ఉంది. వెదురు, కట్టె ఉడికించి గుజ్జు చేసేటప్పుడు వచ్చే ఆ వాసన కొత్తవాళ్లకు కడుపులో తిప్పుతుంది. నేను పుట్టి పెరిగింది ఆ వాసనలోనే. రాత్రిపూట గాలి ఇటు మళ్లి ఆ వాసన కిటికీలోంచి వచ్చినప్పుడు మా ఆయన తలుపులు వేయబోతే నేను వద్దనేదాన్ని. అమ్మగారింట్లో పడుకున్నట్టే ఉండేది.

ఇల్లు ఇవ్వడానికి పెద్దమ్మ మాట సరిపోయింది కానీ, పెద్దబాపుకు కాగితం పక్కాగా ఉండాలి. మహారాష్ట్రలో 1999 నాటి కిరాయి చట్టం ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి, ఆ బాధ్యత ఇంటి యజమానిదే. ఆ సంగతి మాకు ఆయనే చెప్పాడు. మామూలుగా అందరూ రాసుకునే పదకొండు నెలల కాగితమే, అంతా మరాఠీలో. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో లైను మరాఠీలో చదివి, తెలుగులో విప్పి చెప్పి, "అర్థమైందా కొడుకా?" అని మా ఆయన్ని అడిగి, తర్వాతి లైనుకు వెళ్లాడు. పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాల్సిన కిరాయిదారుల ఫారానికి ఫొటోలు కూడా ఆయనే అంటించాడు. ఆ కాగితంలో గోడలకు మేకులు కొట్టొద్దని ఒక లైను ఉంది. మేము దిగిన మర్నాడు ఆయనే సుత్తి పట్టుకుని పైకొచ్చి, "పెండ్లి ఫోటో ఎక్కడ పెడ్తరు?" అని అడిగి మేకు కొట్టిపోయాడు. తనకు తెలియకుండా కొట్టకూడదన్నది ఆయన లెక్క కాబోలు.

మధ్య అంతస్తులో మరాఠీ కుటుంబం. ఆమె స్కూల్లో టీచర్. నేను వహినీ, అంటే వదినా, అనేదాన్ని. నాకు మరాఠీ రాదు, ఆమెకు తెలుగు రాదు, ఇద్దరికీ వచ్చిన హిందీతో నడిచింది. పెద్దమ్మ మాటల్లో మాత్రం మూడు భాషలూ కలిసే వచ్చేవి. "నల్లా వచ్చింది బిడ్డా, లవకర్ బకెట్లు పట్టు" అని మెట్ల కింద నుంచి కేకేసేది. లవకర్ అంటే మరాఠీలో తొందరగా అని. నీళ్లు రోజుకు ఒక్కసారి, పొద్దున్నే. ట్యాంకులోకి మోటారు ఎక్కించే వంతులు, కరెంటు పోతే బిందెలతో మెట్లెక్కడాలు, అవన్నీ ఏ ఊళ్లో కిరాయికున్నా పడే తిప్పలే.

వహినీ దగ్గర నేను నేర్చుకున్నది ఠేచా. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, పల్లీలు వేయించి రోట్లో కచ్చాపచ్చాగా దంచడం. భాకరీ నేర్పిస్తానంది కానీ అది మన జొన్నరొట్టెనే. నేను చేతులతో తట్టి చూపిస్తే ఆశ్చర్యపోయి, "మీకు తెలుసా?" అంది. నేను ఆమెకు సర్వపిండి నేర్పాను. గిన్నె గుండ్రంగా లోతుగా ఉండాలి కదా, ఆమె దగ్గర అలాంటిది లేదు. నా గిన్నె ఒకటి ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. ఆదివారం పొద్దున మా ఆయన బస్టాండ్ వైపు వెళ్లి తర్రీ పోహా తెచ్చేవాడు. అటుకుల మీద ఎర్రగా మండే శనగల పులుసు పోసి ఇస్తారు. విదర్భ తిండిలో నాకు అన్నింటికంటే నచ్చింది అదే. హైదరాబాద్‌లో ఇంట్లో చేసుకుంటే రంగు వస్తుంది, రుచి రాదు.

ఎండాకాలం గురించి చెప్పకపోతే ఆ ఇంటి గురించి సగం చెప్పనట్టే. చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 47 డిగ్రీలు వింతేమీ కాదు. పైన ఇంకో అంతస్తు లేదు కాబట్టి ఆ వేడంతా మాదే. మధ్యాహ్నం గోడకు చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేది. మొదటి ఏడు ఫ్యాన్‌తో గడిపేద్దామనుకున్నాం. ఏప్రిల్ రెండో వారానికే పెద్దబాపు ఎవరి దగ్గరో పాత కూలర్ బేరం చేసి తెప్పించాడు. దానికి వట్టివేళ్ల చాపలు బిగించి నీళ్లు పోస్తే ఇల్లంతా ఆ తడి వాసన. కానీ లోడ్ షెడింగ్ ఉండేది ఆ రోజుల్లో. కరెంటు పోగానే మూడు అంతస్తుల వాళ్లం చాపలు, దిండ్లు చంకన పెట్టుకుని డాబా మీదికి చేరేవాళ్లం.

నది నాకు దగ్గరైంది ఆ డాబా మీదనే. అక్కడి నుంచి చూస్తే వార్ధా ఒక గీతలా కనిపించేది. దాని మీద రైలు వంతెన, ఇవతల ఒడ్డున గోండు రాజుల కోట గోడలు. ఖాండక్యా బల్లాళ్ షా అనే రాజు సిర్పూర్ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడని, ఊరికి ఆయన పేరే వచ్చిందని, ఆ తర్వాత చంద్రపూర్ కట్టించాడని చెప్తారు. ఆయన ఒంటి మీద పుండ్లు ఉండేవట. వేటకు పోయి ఎండిన ఝర్‌పట్ వాగులో ఒక గుంటలో నీళ్లు కనిపిస్తే మొహం కడుక్కున్నాడట, పుండ్లు మానిపోయాయట. అక్కడే అచలేశ్వర్ గుడి, దాని చుట్టూ చంద్రపూర్. ఈ కథను పెద్దమ్మ రాత్రుళ్లు చెప్పేది. అలిగిన పిల్లలు, ఆకాశంలోకి చూస్తూ పడుకున్న పెద్దలు అందరూ వినేవాళ్లు. నాకు మాత్రం రాజు కంటే ఆ రాణి బాగా గుర్తుంది. మొగుడి పుండ్లను చూసి భయపడక, చోటు మార్చి చూద్దామని అన్నది ఆమేనట.

పెద్దబాపు కథలు వేరే. ఆయన చెయ్యి చాచి అవతల ఒడ్డు చూపించేవాడు. "అగో, అది రాజురా. 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాలనే ఉండె. ఇటు ఇంగ్లిషోళ్లది, అటు నిజాముది. నడుమ ఈ నీళ్లు." నాకు ఆ మాట వినేదాకా తెలియదు. బళ్లో ఆదిలాబాద్ జిల్లా పటం ఎన్నోసార్లు గీశాను, పైన వంకరగా పోయే గీత వార్ధా అని రాశాను. ఆ గీత ఒడ్డున ఒకనాడు కాపురం ఉంటానని, అవతలి ఒడ్డును పక్కింటివాళ్లలా రోజూ చూస్తానని అనుకోలేదు.

ఆ రాత్రే ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ నీళ్లు ఇక్కడి నుంచి మీ సిర్పూర్ పక్కనుంచే పోతాయి, కౌటాల దగ్గర తుమ్మిడిహెట్టి కాడ వైనగంగతో కలుస్తాయి, అక్కడి నుంచి ప్రాణహిత, కాళేశ్వరం కాడ గోదావరి అని. అది భూగోళమే, పుస్తకంలో ఉన్నదే. కానీ ఇరవై రెండేళ్ల వయసులో, అమ్మ గుర్తొచ్చి రాత్రిళ్లు నిద్రపట్టని రోజుల్లో, ఆ మాట నన్ను ఎంత నిలబెట్టిందో ఎలా చెప్పాలి? మర్నాటి నుంచి నదిని చూస్తే మనవైపు పోతోందనే అనిపించేది. కార్తీక మాసంలో పెద్దమ్మతో కలిసి రేవుకు వెళ్లి ఆకు దొప్పల్లో దీపాలు వదిలితే, "పో తల్లీ, కాళేశ్వరం పో" అనేది ఆమె. ఆమె అన్నలు, వదినెలు ఉన్నది కూడా ఆ దిక్కే కదా.

2010 డిసెంబర్‌లో ప్రాణహిత పుష్కరాలు వచ్చాయి. పెద్దమ్మ, పెద్దబాపు, మేమిద్దరం కలిసి కాగజ్‌నగర్ దాకా రైలులో వెళ్లి, అమ్మావాళ్లను కూడా వెంటబెట్టుకుని తుమ్మిడిహెట్టి వెళ్లాం. చలిలో నీళ్లలోకి దిగి మా అమ్మ, పెద్దమ్మ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మునిగారు. ఇంటి యజమానురాలు, కిరాయికున్న పిల్ల తల్లి. ఆ రోజు నుంచి ఇద్దరూ వదినా అంటే వదినా. అమ్మ బల్లార్షా వచ్చినప్పుడల్లా సామాను మా ఇంట్లో పెట్టి, మాటలకు కిందికి దిగిపోయేది.

బతుకమ్మ రోజులు మరీ బాగుండేవి. బల్లార్షాలో రైల్వేలో, గనుల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల వాళ్లే ఎక్కువ. తంగేడు, గునుగు కోసం పిల్లలు రైలు పట్టాల వెంబడి పోయి తెచ్చేవాళ్లు. సద్దుల రోజు సాయంత్రం మా గల్లీ ముందే ఆడి, ఆ తర్వాత నదికి. అదే రోజుల్లో విదర్భ ఆడపిల్లలు భులాబాయి పండగ చేస్తారు. మట్టి బొమ్మలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పాటలు పాడతారు, చివర్లో ప్రసాదం ఏంటో వాసన చూడకుండా చెప్పమని అడుగుతారు. వహినీ కూతురు మా ఇంటికి అలా వచ్చేది, మేము పెద్దమ్మ ఇంటికి పిలిస్తే మా ఆటలో కలిసేది. చప్పట్లు కొట్టడం మొదట్లో తప్పేది, రెండో ఏటికి మా అందరికంటే బాగా ఆడింది. సంక్రాంతికి వహినీ హళదీకుంకూ అనే పసుపుకుంకుమల పేరంటానికి పిలిచి, నువ్వుల లడ్డు చేతిలో పెట్టి, "తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అనేది. నువ్వులు, బెల్లం తీసుకోండి, తియ్యగా మాట్లాడండి అని. నేను సకినాల డబ్బా ఇచ్చేదాన్ని.

మా బాబు 2011లో కాగజ్‌నగర్‌లో పుట్టాడు. మూడో నెలలో వాణ్ని తీసుకుని తిరిగొచ్చాక, పెద్దమ్మ నన్ను మెట్లు దిగనివ్వలేదు. రోజూ తనే మోకాళ్లు పట్టుకుంటూ మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చి, పీట మీద కూర్చుని, కాళ్లు చాచి వాణ్ని పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, కాగిన నీళ్లు పోసేది. సాంబ్రాణి పొగ వేసి పొత్తిగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, "ఇగ పండుకో ఇద్దరూ" అని తలుపు దగ్గరికి వేసి పోయేది. ఆమెకు అప్పటికే అరవై దాటాయి. నేను వద్దంటే, "నా మనుమలు పుణెలో ఉన్నరు బిడ్డా, ఆళ్లకు పోసుడు నాకు దొరకలె" అంది. మళ్లీ వద్దనలేదు నేను.

బాబు నడక నేర్చాక వచ్చిన పోళా పండగ కూడా చెప్పాలి. పోళా రోజు ఎడ్లను అలంకరిస్తారు. మర్నాడు విదర్భలో తాన్హా పోళా, అది పిల్లలది. చక్రాలున్న కట్టె ఎద్దును తాడు కట్టి లాక్కుంటూ ఇంటింటికీ తిరుగుతారు, ఇంటివాళ్లు డబ్బులో మిఠాయో ఇస్తారు. బల్లార్షా అంటే టేకు. అటవీశాఖ డిపోలో కొండల్లా దుంగలు పేర్చి ఉంటాయి. 2023లో అయోధ్య గుడి తలుపులకు టేకు ఇక్కడి నుంచే వెళ్లిందని చదివినప్పుడు ఎంత సంతోషమైందో! పెద్దబాపు తెలిసిన వడ్లాయన దగ్గర టేకు ముక్కతో చిన్న ఎద్దు చేయించి తెచ్చాడు. కొమ్ములకు వహినీ ఎరుపు రంగు వేసింది. ఆ ఎద్దు ఇప్పుడు మా హాల్లో టీవీ పక్కన ఉంది. ఒక చక్రం పోయింది, రంగు పోయింది, టేకు మాత్రం చెక్కుచెదరలేదు.

2013 వానాకాలం భయపెట్టింది. వానలు ఆగలేదు. వార్ధా పొంగి రాజురా వంతెన మునిగిపోయి అటువైపు రాకపోకలు ఆగిపోయాయి. చంద్రపూర్‌లో ఈరయి నది కూడా ఊళ్లోకి వచ్చింది. మా ఆయన ఒక రాత్రి అక్కడే చిక్కుకుపోయాడు, ఫోన్ కలవలేదు. ఆ రాత్రి టెన్షన్ నేను మాటల్లో చెప్పలేను. మా ఇల్లు ఎత్తు మీద ఉంది కాబట్టి నీళ్లు రాలేదు. పల్లంలో ఉన్నవాళ్లు సామాన్లు నెత్తిన పెట్టుకుని పైకి వచ్చారు. పెద్దబాపు గేటు తీసి పెట్టాడు. కింద హాల్లో, మెట్ల మీద, వహినీ ఇంట్లో, మా ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియనంతమంది. మా చిన్న వంటగదిలో ఆ రెండు రోజులు నలుగురం కలిసి కిచిడీ వండాం. బియ్యం మాది, పప్పు వహినీది, ఉల్లిగడ్డలు ఎవరో తడిసిన సంచిలోంచి తీసి ఇచ్చారు. నీళ్లు తగ్గాక ఒకామె మా ఇల్లు తడిగుడ్డ పెట్టి తుడిచి, మసిగుడ్డలు ఉతికి ఆరేసి, అప్పుడు తన ఇల్లు చూసుకోవడానికి వెళ్లింది. ఆమె ఇంట్లో మోకాలెత్తు బురద ఉందని తర్వాత తెలిసింది.

మరుసటేడు మా ఆయనకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఖాళీ చేసే రోజు పెద్దబాపు కాగితాల సంచి తెచ్చి, కరెంటు మీటరు రాసుకుని, లెక్క చూసి, 5000 అడ్వాన్స్ అంతా చేతిలో పెట్టాడు. సున్నానికి పట్టుకోండి అని మా ఆయన అంటే, "మేకు కొట్టింది నేనే గద" అన్నాడు. పెద్దమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నేనే లోపలికి వెళ్లాను.

తర్వాత రెండేళ్లకు పెద్దబాపు పోయాడు. పెద్దమ్మ పుణెలో కొడుకు దగ్గర ఉంది, పండగలకు ఫోన్ చేస్తుంది, ముందు బాబు చదువు అడుగుతుంది. వహినీ ఇంకా అక్కడే. ఇల్లు అమ్మలేదు, కిరాయిలు వహినీ చేతికే ఇస్తారు. 2018లో చంద్రపూర్, బల్లార్షా స్టేషన్లకు దేశంలోనే అందమైన స్టేషన్లుగా బహుమతి వచ్చాక వెళ్లి చూశాం. గోడల మీద ఆ జిల్లాలోని తాడోబా అడవి పులులు, అడవి బొమ్మలు వేశారు. బాబు ప్రతి బొమ్మ దగ్గరా ఆగాడు.

ఇప్పటికీ తెలిసినవాళ్లకు చంద్రపూర్ బదిలీ అయితే మా దగ్గరికే పంపుతారు అడగమని. బల్లార్షా చూడండని చెప్తాను, వహినీ నంబరు ఇస్తాను. పల్లం వైపు చూస్తే 2013లో, 2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లను అడగమంటాను. నల్లా ఎన్నింటికి వస్తుందో కనుక్కోమంటాను. పై అంతస్తు ఇస్తే మాత్రం, కూలర్ పట్టే కిటికీ ఉందో లేదో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.